లివర్ సంగతి చెప్పే మూడు అంకెలు మీ ఇంట్లోనే ఉన్నాయి

(దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంత ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం)



పోయినసారి మనం కలిసినప్పుడు చివర్లో ఒక అక్క లేచి తన ఫోన్ నా చేతికిచ్చి, "మేడమ్, ఇది నిజమేనా?" అని అడిగింది. వాట్సాప్‌లో వచ్చిన ప్రకటన అది. రక్తంలో గ్రోత్ ఫ్యాక్టర్ల లెవెల్ చూస్తే లివర్ జబ్బు ముందే తెలిసిపోతుందట. ఈ నెలాఖరు వరకే తగ్గింపు ధరట. ఆ అక్క భర్తకు షుగర్ ఉంది. చీటీ డబ్బులు చేతికి రాగానే ఆ పరీక్ష చేయిద్దామని ఆమె ఆలోచన.

"కనుక్కొని చెప్తా అక్కా" అన్నాను. ఈ రోజు చెప్తున్నది ఆ జవాబే. నేను డాక్టర్ని కాను, జర్నలిజం చదువుకున్నదాన్ని. అందుకని డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులే చెప్తాను. దాంతోపాటు మా ఇంట్లో జరిగిన ఒక విషయం కూడా చెప్తాను. అది చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది.

గ్రోత్ ఫ్యాక్టర్ అంటే ఏమిటి?

మన ఒంట్లో ఒక కణం ఇంకో కణానికి పంపే కబురు లాంటిది ఇది. "పెరుగు", "గాయం మాన్పు", "కొత్త కణాలు తయారు చేయి" అని చెప్పే ప్రోటీన్. తెలుగులో వృద్ధి కారకం అంటారు. లివర్‌కు వీటితో చాలా పని. ఎందుకంటే కొంత భాగం కోసి తీసేసినా మళ్ళీ పెరిగే అవయవం లివర్. బతికున్న మనిషి తన లివర్‌లో కొంత ఇంకొకరికి ఇవ్వగలిగేది అందుకే.

ఈ కబుర్లలో నాలుగింటి గురించి చెప్తాను.

మొదటిది హెచ్‌జీఎఫ్. లివర్ కణాలను పెరగమని చెప్పేది ఇదే. 1984లో జపాన్ శాస్త్రవేత్త తోషికాజు నకమురా బృందం దీన్ని గుర్తించింది. 1988లో లివర్ ఒక్కసారిగా పూర్తిగా దెబ్బతిన్న రోగి రక్తం నుంచి దీన్ని వేరు చేశారు. లివర్ దెబ్బతింటే రక్తంలో ఇది పెరుగుతుంది. ఇంతవరకు నిజమే. కానీ గుండెపోటు వచ్చినా పెరుగుతుంది, న్యుమోనియా వచ్చినా పెరుగుతుంది. ఎక్కడో ఏదో కాలిందని తెలుస్తుంది, ఏ ఇల్లు కాలిందో తెలియదు.

రెండోది ఐజీఎఫ్-1. దీన్ని ఎక్కువగా తయారు చేసేది లివరే. లివర్ గట్టిపడిపోతే, అంటే సిర్రోసిస్ వస్తే, ఇది తగ్గుతుంది. ఇదీ నిజమే. కానీ వయసు పెరిగినా తగ్గుతుంది, సరైన తిండి లేకపోయినా తగ్గుతుంది.

మూడోది టీజీఎఫ్-బీటా. లివర్‌లో మచ్చ కట్టమని ఆజ్ఞ ఇచ్చే వాటిలో ఇది ముఖ్యమైనది. దీనితో ఒక చిక్కుంది. రక్తంలోని ప్లేట్‌లెట్ల లోపల కూడా ఇది నిండి ఉంటుంది. తీసిన రక్తం ట్యూబులో గడ్డకట్టిందంటే ప్లేట్‌లెట్లలోంచి బయటికొచ్చి, లేని లెవెల్ ఉన్నట్టు చూపిస్తుంది. అంటే రక్తం ఎలా తీశారు, ఎలా దాచారు అన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది.

నాలుగోది థ్రాంబోపోయిటిన్. పేరు నోరు తిరగదు, పని మాత్రం తేలిగ్గా అర్థమవుతుంది. ఎముకల్లోని మూలుగకు "ప్లేట్‌లెట్లు తయారు చేయి" అని చెప్పే కబురు ఇది. దీన్నీ ప్రధానంగా లివరే తయారు చేస్తుంది. ఈ నాలుగోదాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

కాబట్టి ఆ ప్రకటనలో ఉన్నది పూర్తిగా అబద్ధం కాదు. పరిశోధన చేసే చోట ఈ లెవెల్స్ చూస్తారు, వాటి వల్ల ఉపయోగం ఉంది. కానీ "నాకు లివర్ జబ్బు ఉందా" అని తెలుసుకోవడానికి మొదటి మెట్టుగా ఈ పరీక్షలు చేయించాలని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెప్పడం లేదు. అవి చెప్పే మొదటి మెట్టు చాలా చౌక. మీలో చాలామంది దగ్గర అది ఇప్పటికే ఉంది. బీరువాలోనో, టీవీ కింద ప్లాస్టిక్ కవర్లోనో, పాత రిపోర్టుల మధ్యలో ఉంటుంది.

మా మామయ్య సంగతి

మా మేనమామ కొత్తపేట పండ్ల మార్కెట్లో గుమాస్తా. గడ్డిఅన్నారం మార్కెట్ బాటసింగారం వెళ్ళకముందు నుంచీ అక్కడే లెక్కలు రాసేవాడు. మనిషి లావు, షుగర్ ఉంది. మందు మాత్రం ఏనాడూ ముట్టలేదు.

ఆయనకు 50 ఏళ్ళప్పుడు షుగర్ పరీక్షతో పాటు మామూలు రక్తపరీక్షలు చేశారు. రిపోర్టు నేనే తెచ్చిచ్చాను. ఎస్‌జీపీటీ 36, నార్మల్. ఎస్‌జీఓటీ 48, కొంచెం ఎక్కువ. ప్లేట్‌లెట్లు 1 లక్షా 32 వేలు, కొంచెం తక్కువ. చూసినవాళ్ళు షుగర్ మాత్ర మార్చి పంపించారు. "లివర్ బాగానే ఉంది కదా" అని నేనంటే ఆయన నవ్వి, "నేను మందు ముట్టనోణ్ణి, నాకు లివర్‌కేమైతది బిడ్డా?" అన్నాడు.

మరుసటేడు వానాకాలంలో జ్వరమొచ్చింది. ప్లేట్‌లెట్లు ఇంకా తగ్గాయి. మన దగ్గర ప్లేట్‌లెట్లు తగ్గాయంటే అందరి నోటా ఒకటే మాట, డెంగీ. జ్వరం తగ్గింది, మనిషి పనిలోకి పోయాడు. నెలలు గడిచినా ప్లేట్‌లెట్లు మాత్రం పెరగలేదు. "డెంగీ తర్వాత ఒంట్లో బలం రాలే" అనుకున్నాం. బొప్పాయి ఆకు రసం తాగమని మా ఇంటి గ్రూపులో మెసేజ్ పెట్టింది ఎవరో కాదు, నేనే.

53వ ఏట ఒక రాత్రి భోంచేసి లేచి బాత్రూంలో రక్తం కక్కుకున్నాడు. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళం పగిలిందని, లివర్ సిర్రోసిస్ అని చెప్పారు. బ్యాండ్లు వేసి రక్తం ఆపారు. ఇంటికొచ్చాక బంధువు ఒకరు ఇలాంటి ప్రకటనే తెచ్చారు. అత్తయ్య గాజులు తాకట్టు పెట్టి 11 వేలు కట్టి ఆ స్పెషల్ రక్తపరీక్ష చేయించాం. రంగురంగుల రిపోర్టు, నాలుగు పేజీలు. దాన్ని పట్టుకొని పెద్ద డాక్టర్ దగ్గరికి పోయాం.

ఆయన ఆ నాలుగు పేజీలు చూసి పక్కన పెట్టారు. "పాత సీబీపీ రిపోర్టులు ఏమన్నా ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. అత్తయ్య సంచిలోంచి మూడేళ్ళ కిందటి కాగితం తీసిచ్చింది. ఆయన ఫోన్ తీసి అరనిమిషం లెక్క వేసి, "అప్పటికే 3 దాటింది" అన్నారు.

ఆ మాటకు అర్థం ఆ రోజు నాకు తెలియదు. మీకు మాత్రం ఈ రోజే తెలియాలి.

ఆ లెక్క ఏమిటి?

దాని పేరు ఫిబ్-4. దీనికి నాలుగు అంకెలు కావాలి. మీ వయసు మీకు తెలుసు. మిగతా మూడూ మామూలు రిపోర్టులో ఉంటాయి: ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు. కొన్ని రిపోర్టుల్లో ఎస్‌జీఓటీని ఏఎస్‌టీ అని, ఎస్‌జీపీటీని ఏఎల్‌టీ అని రాస్తారు. రెండూ ఒకటే.

వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ఇది పై అంకె.
ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకొని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. ఇది కింది అంకె. ప్లేట్‌లెట్లు లక్షన్నర ఉంటే 150 అని తీసుకోవాలి.
పై అంకెను కింది అంకెతో భాగించాలి.

మా మామయ్య మొదటి రిపోర్టే చూద్దాం. వయసు 50, ఎస్‌జీఓటీ 48. గుణిస్తే 2400. ప్లేట్‌లెట్లు 132. ఎస్‌జీపీటీ 36 కాబట్టి దాని వర్గమూలం 6. గుణిస్తే 792. 2400ని 792తో భాగిస్తే 3.03.

ఇప్పుడు 45 ఏళ్ళ ఇంకో మనిషిని అనుకుందాం. ఎస్‌జీఓటీ 30, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు. 1350ని 1500తో భాగిస్తే 0.9.

ఇద్దరికీ ఎస్‌జీపీటీ 36, నార్మల్. ఒకరి లివర్‌లో మచ్చ ముదిరింది, ఇంకొకరికి ఆ భయం తక్కువ. ఎస్‌జీపీటీ ఒక్కటే చూసి "లివర్ భేష్" అనుకోవడం ఎంత పొరపాటో ఇక్కడే తెలుస్తుంది.

1.3 కన్నా తక్కువ వస్తే: లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. షుగర్ ఉంటే ఏడాది, రెండేళ్ళకోసారి మళ్ళీ చూసుకోవాలి.
1.3 నుంచి 2.67 మధ్య వస్తే: డాక్టర్ సలహాతో ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్ష చేయించుకోవాలి. సూది పొడవకుండా, పొట్ట మీద పెట్టి లివర్ ఎంత గట్టిగా ఉందో చూసే పరీక్ష అది.
2.67 దాటితే: ఆలస్యం చేయకుండా లివర్ డాక్టర్‌కు చూపించుకోవాలి.

నాలుగు జాగ్రత్తలు కూడా వినండి. జ్వరంలో ఉన్నప్పుడు తీసిన రిపోర్టుతో ఈ లెక్క వేయకండి. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది, అంకె ఊరికే పెరిగి భయపెడుతుంది. 65 ఏళ్ళు దాటిన వాళ్ళకు కింది గీత 1.3 కాదు, 2. 35 ఏళ్ళ లోపు వాళ్ళకు ఈ లెక్క నమ్మకంగా పనిచేయదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది జబ్బు ఉందని తేల్చే తీర్పు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా వద్దా అని చెప్పే గుర్తు మాత్రమే. ప్లేట్‌లెట్లు తగ్గడానికి వేరే కారణాలు కూడా చాలా ఉంటాయి.

ప్లేట్‌లెట్లకు, లివర్‌కు ఏం సంబంధం?

ఇందాక గుర్తు పెట్టుకోమన్న నాలుగో కబురు దగ్గరికి వద్దాం. లివర్ గట్టిపడేకొద్దీ థ్రాంబోపోయిటిన్ తయారీ తగ్గుతుంది. మూలుగకు కబురు సరిగా అందదు, ప్లేట్‌లెట్ల తయారీ తగ్గుతుంది. ఇంకో సంగతి. గట్టిపడ్డ లివర్ గుండా రక్తం సాఫీగా పోలేక వెనక్కి ఒత్తిడి పెరుగుతుంది. దాంతో ప్లీహం ఉబ్బి, ఉన్న ప్లేట్‌లెట్లను కూడా తనలో పట్టి ఉంచుకుంటుంది. అదే ఒత్తిడికి అన్నవాహికలోని రక్తనాళాలు ఉబ్బుతాయి. మా మామయ్యకు పగిలింది అదే.

అంటే అక్కా, మీరు చీటీ డబ్బులు పెట్టి చూద్దామనుకున్న గ్రోత్ ఫ్యాక్టర్లలో ఒకదాని నీడ మామూలు సీబీపీలోనే పడుతోంది. ప్లేట్‌లెట్ల అంకె ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గుతూ ఉంటే, జ్వరం లేకపోయినా లక్షన్నర దాటకపోతే, అది బొప్పాయి ఆకుతో తీరే సంగతి కాదు. ఒకసారి లివర్ వైపు చూడాలి.

ఎవరు చూసుకోవాలి?

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. కానీ లివర్ జబ్బు మొదలైన వాళ్ళలో చాలామందికి కళ్ళు పచ్చబడవు, నొప్పి రాదు, ఏదీ తేడాగా అనిపించదు. అందుకే ఈ కింద చెప్పిన వాళ్ళు ఏ ఇబ్బందీ లేకపోయినా ఒకసారి చూసుకోవాలి.

• షుగర్ ఉన్నవాళ్ళు
• పొట్ట, బరువు ఎక్కువ ఉన్నవాళ్ళు
• మందు తాగేవాళ్ళు
• ఇంట్లో ఎవరికైనా హెపటైటిస్ బి, సి లేదా సిర్రోసిస్ ఉన్నవాళ్ళు

"తాగనివాళ్ళకు రాదు" అన్న మాట వదిలేయండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు మన నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు చేరిందని 2025లో ప్రచురించారు. కొవ్వు చేరిన ప్రతి ఒక్కరికీ సిర్రోసిస్ రాదు, భయపడొద్దు. కానీ కూర్చొని చేసే పని, వేళ తప్పిన తిండి, పెరిగిన నడుము ఆఫీసుల్లోనే కాదు, కొట్లో కూర్చునే వాళ్ళకూ, ఆటో నడిపే వాళ్ళకూ ఉన్నాయి.

ప్రభుత్వం నుంచి మీకు ఏం అందుతుంది?

1. మొదటి పరీక్ష: మీ బస్తీ దవాఖానకో, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళ్ళండి. అక్కడి డాక్టర్ రాస్తే రక్తం అక్కడే తీసుకొని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కు పంపుతారు. 2018 నుంచి నడుస్తున్న ఉచిత సేవ ఇది. సీబీపీ, లివర్ పరీక్ష రెండూ చేయించమని అడగండి. రిపోర్టు రాగానే "డాక్టర్ గారూ, ఫిబ్-4 ఎంత?" అని అడగండి. ఆ అడగడంలో తప్పేమీ లేదు.

2. హెపటైటిస్ బి, సి: 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ సి ఇప్పుడు మాత్రలతో నయమవుతుంది, ఎక్కువమందికి 12 వారాల కోర్సు చాలు. బికి టీకా ఉంది. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు మొదటి డోసు వేయించండి.

3. పెద్ద డాక్టర్: బస్తీ దవాఖాన నుంచి రాయించుకొని మలక్‌పేట లేదా వనస్థలిపురం ఏరియా ఆసుపత్రికి వెళ్ళవచ్చు. లివర్ విభాగం కావాలంటే ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నాయి. ఎల్బీనగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే ఉస్మానియాకు ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో, నిమ్స్‌కు పంజాగుట్ట స్టేషన్లో దిగవచ్చు. రైలు మారాల్సిన పని లేదు. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకొని వెళ్ళండి.

4. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే: రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి ఇచ్చే రక్షణను 2023 డిసెంబర్ 9 నుంచి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. జాబితాలో ఉన్న చికిత్సలకు నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో మీరు డబ్బు కట్టాల్సిన పని లేదు. కాలేయ మార్పిడి కూడా ఆ జాబితాలో ఉంది. చేరే ముందే ఆసుపత్రిలో ఆరోగ్య మిత్ర ఎక్కడ కూర్చుంటారో అడిగి, కార్డు చూపించి, మీ చికిత్స ఇందులో వస్తుందో లేదో తెలుసుకోండి. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి.

ఒక మాట స్పష్టంగా చెప్తున్నాను. మీ అంతట మీరు బయట ల్యాబ్‌లో డబ్బు కట్టి చేయించుకున్న ప్యాకేజీ బిల్లు ఆరోగ్యశ్రీలో తిరిగి రాదు. పోయిన డబ్బు పోయినట్టే.

వెంటనే వెళ్ళాల్సిన లక్షణాలు

రక్తం కక్కుకున్నా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, పొట్ట నీరు పట్టి ఉబ్బినా, కళ్ళు పచ్చబడినా, మనిషి మాట తడబడి, పగలు నిద్ర రాత్రి మెలకువ అయినా ఆగకండి. రక్తం కక్కుకుంటే, మనిషి తికమకపడుతుంటే 108కి ఫోన్ చేయండి. ముందు పసరు పోయిద్దాం, తర్వాత చూద్దాం అని రోజులు గడపకండి. ఏం కలిపారో తెలియని పసరును కూడా అరిగించాల్సింది ఆ దెబ్బతిన్న లివరే.

చివరి మాట

మా మామయ్య ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికాడు. మూడేళ్ళ ముందే ఎండోస్కోపీ చేసి ఉంటే ఉబ్బిన నాళాలు కనబడి ఉండేవేమో. పగలకుండా ఆపే మాత్రలున్నాయి, ముందుగానే వేసే బ్యాండ్లున్నాయి. బతికేవాడని నేను అనలేను. ఆ మూడేళ్ళు మాకు ఒక అవకాశం ఉందన్నది మాత్రం నిజం. ఆ కాగితం నా చేతులమీదుగానే ఇంటికొచ్చింది. చదవడం, రాయడమే వృత్తిగా ఉన్న నేను అందులో ఒక్క అంకె చూసి మిగతా రెండూ వదిలేశాను.

ఆయన లెక్కలు రాసిన గడ్డిఅన్నారం మార్కెట్ స్థలంలోనే 1000 పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. అటు వెళ్ళినప్పుడల్లా ఒకటే అనుకుంటాను. ఎంత పెద్ద ఆసుపత్రి కట్టినా, మన ఇంట్లో ఉన్న కాగితాన్ని మనం ముందు బయటికి తీయాలి.

కాబట్టి అక్కా, మీ చీటీ డబ్బులు దాచుకోండి. ఈ రోజు ఇంటికి వెళ్ళాక బావగారి పాత రిపోర్టు వెతకండి. ప్లేట్‌లెట్లు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, మూడింటి కింద పెన్నుతో గీత గీయండి. లెక్క మీకు రాకపోతే పదో తరగతి చదివే పిల్లలు చేస్తారు. వచ్చిన అంకె ఆ కాగితం మీదే రాసి, రేపు బస్తీ దవాఖానకు పట్టుకెళ్ళండి.

ఈ పీడీఎఫ్‌ను మీ బస్తీ గ్రూపులో పెట్టండి. ఫోన్ చదవడం రాని పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.